గీతల మీది స్వరాలు: క్వాంటైజేషన్ చరిత్రలో ‘కాలదోషం’ అనే భావన

వ్యాససంగ్రహం

కంప్యూటర్ సాయంతో సంగీతాన్ని ముద్రించే స్టూడియోలలో, వాయించిన స్వరాల కాలాన్ని సరిచేసే ప్రక్రియను క్వాంటైజేషన్ అంటారు. మనిషి చేసే తప్పును యంత్రం దిద్దడమే ఈ ప్రక్రియ అన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. పియానో చుట్టల కాలం నుండి నేటి సాఫ్ట్‌వేర్ వరకు దీని చరిత్రను పరిశీలించి, ‘కాలదోషం’ అనే భావన చాలావరకు యంత్రంలోని కాల విభజనను బట్టి ఏర్పడిందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. కర్ణాటక సంగీతంలోని ఖండగతిని ఉదాహరణగా తీసుకొని, విభజన సరిపోనిచోట సవరణే దోషంగా మారే తీరును లెక్కలతో వివరించడం జరిగింది.

కీలకపదాలు: క్వాంటైజేషన్, సీక్వెన్సర్, డ్రమ్ మెషిన్, స్వింగ్, మిడి, గతి, లయ.

1. ఉపోద్ఘాతం

కీబోర్డుపై వాయించిన స్వరాలు సంగీత సాఫ్ట్‌వేర్ తెర మీద చిన్న చిన్న పట్టీలుగా కనిపిస్తాయి. తెరపై నిలువు గీతలు కాలాన్ని సమభాగాలుగా విభజిస్తాయి. వాద్యకారుడు ఎంత నేర్పరి అయినా పట్టీలన్నీ గీతల మీదనే పడవు. కొన్ని కాస్త ముందు, కొన్ని కాస్త వెనుక ఉంటాయి. ఒక్క ఆదేశంతో వాటన్నింటినీ సమీపంలోని గీతల మీదికి జరపవచ్చు. ఇదే క్వాంటైజేషన్. ఈ వ్యాసంలో దీనికి ‘కాలసవరణ’ అనే మాట కూడా వాడడం జరిగింది.

సవరణ అన్నప్పుడు అంతకుముందే ఒక దోషం ఉన్నట్లు అంగీకరించినట్లే. ఆ దోషాన్ని నిర్ణయించిన ప్రమాణం ఏది? అది వాద్యకారుడి లయజ్ఞానంలో ఉందా, శ్రోత చెవిలో ఉందా, లేక యంత్రం గీసిన గీతలలో ఉందా? ఈ ప్రశ్నకు సమాధానం క్వాంటైజేషన్ చరిత్రలోనే దొరుకుతుంది.

2. పదం, ప్రక్రియ

‘ఎంత’ అనే అర్థంగల లాటిన్ పదం ‘క్వాంటం’ భౌతికశాస్త్రం ద్వారా ప్రసిద్ధి పొందింది. అవిచ్ఛిన్నంగా మారే పరిమాణాన్ని నిర్ణీతమైన మెట్లకు కుదించడాన్ని ఇంజనీర్లు క్వాంటైజేషన్ అన్నారు. అలెక్ రీవ్స్ 1937లో రూపొందించిన పల్స్ కోడ్ మాడ్యులేషన్ పద్ధతిలో శబ్ద సంకేతపు ఎత్తును ఇలాగే దగ్గరలోని మెట్టుకు సవరించి అంకెగా మారుస్తారు. ఈ క్రమంలో కొంత సమాచారం నశిస్తుంది. ఆ నష్టాన్ని ఇంజనీరింగ్ పరిభాషలో ‘క్వాంటైజేషన్ దోషం’ అంటారు. అంటే ఇంజనీరు దృష్టిలో దోషం కుదింపు వల్ల పుడుతుంది. సంగీత సాఫ్ట్‌వేర్‌లో ఇదే మాట దోషాన్ని తొలగించే పనికి పేరైంది. పదం ఒక్కటే అయినా దోషం చోటు మారింది.

ప్రక్రియ సులభమైనదే. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఒక బీట్ నిడివి 500 మిల్లీసెకన్లు. బీట్‌ను నాలుగు భాగాలు చేస్తే గీతకు గీతకు నడుమ 125 మిల్లీసెకన్ల దూరం ఉంటుంది. ఒక స్వరం గీతకు 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడితే యంత్రం దానిని వెనక్కి జరిపి గీత మీద నిలుపుతుంది. అయితే స్వరం 70 మిల్లీసెకన్లు ఆలస్యమైతే దానికి తరువాతి గీతే దగ్గరవుతుంది. అప్పుడు యంత్రం ఆ స్వరాన్ని మరింత ముందుకు నెట్టి, ఆలస్యాన్ని 125 మిల్లీసెకన్లు చేస్తుంది. వాద్యకారుడి ఉద్దేశం యంత్రానికి తెలియదు. దానికి తెలిసింది దూరం మాత్రమే.

3. కాగితపు చుట్టల కాలం

వాయించిన కాలాన్ని యంత్రం ద్వారా నిలువ చేయడం కంప్యూటర్‌తో మొదలు కాలేదు. పందొమ్మిదో శతాబ్దం చివర వ్యాప్తిలోకి వచ్చిన స్వయంవాదక పియానోలు రంధ్రాలు పొడిచిన కాగితపు చుట్టల ఆధారంగా మోగేవి. తొలి చుట్టలలో చాలావాటిని స్వరలిపిని చూసి, కొలబద్దతో కొలిచి తయారుచేశారు. వాటిలో ప్రతి స్వరం లిపి చెప్పిన చోటనే ఉంటుంది. నేటి పరిభాషలో చెప్పాలంటే అవి పుట్టుకతోనే క్వాంటైజ్ అయినవి.

1904లో జర్మనీకి చెందిన వెల్టే సంస్థ వెల్టే-మిన్యోన్ అనే పునర్వాదక పియానోను ప్రవేశపెట్టింది. పియానో కళాకారుడు వాయిస్తున్నప్పుడు స్వరాల కాలాన్ని నమోదుచేసి, తిరిగి అదే తీరులో పలికించడం దీని విశేషం. స్వరకర్త గుస్తావ్ మాలర్ 1905లో ఈ పద్ధతిలో తన రచనలను ముద్రించాడు. చేతితో వాయించినదన్న ముద్రే ఇటువంటి చుట్టలకు గౌరవాన్ని తెచ్చింది. కొలబద్దతో గీసిన చుట్టలో లేనిదేదో కళాకారుడి చుట్టలో ఉందని కొనుగోలుదారులు గుర్తించారు. ఆనాటి విపణిలో గీత నుండి తొలగడం దోషం కాదు. అదే కళాకారుడి సంతకం.

శాస్త్రజ్ఞులు కూడా ఈ విషయం మీద దృష్టి పెట్టారు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో కార్ల్ సీషోర్, ఆయన సహచరులు పియానో సుత్తుల కదలికలను ఛాయాచిత్రాలుగా తీసి కాలాన్ని కొలిచారు. 1938లో వెలువడిన ఆయన సంగీత మనోవిజ్ఞాన గ్రంథంలో ఈ పరిశోధనల సారం ఉంది. ఉత్తమ కళాకారులు లిపిలోని సమకాలాన్ని యథాతథంగా పాటించరనీ, క్రమం నుండి ఉద్దేశపూర్వకంగా తొలగడంలోనే అభివ్యక్తి ఉందనీ ఆయన ప్రతిపాదించాడు. యంత్రాలు స్వరాల కాలాన్ని దిద్దడం మొదలుపెట్టడానికి నాలుగు దశాబ్దాల ముందే ఈ మాట నమోదైంది.

4. అంకెల నుండి వాయింపుకు

1977లో రోలాండ్ సంస్థ ఎం.సి.-8 మైక్రోకంపోజర్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. కెనడా సంగీతకారుడు రాల్ఫ్ డైక్ రూపొందించిన నమూనా దీనికి ఆధారం. ఇందులో స్వరస్థానం, నిడివి వంటివన్నీ అంకెల మీటల ద్వారా ఒక్కొక్కటిగా ఇవ్వాలి. స్వరాన్ని ఎవరూ వాయించరు కనుక కాలసవరణ అన్న ప్రసక్తి లేదు. అడుగు తరువాత అడుగుగా తాళాన్ని అమర్చే రోలాండ్ టి.ఆర్.-808 డ్రమ్ మెషిన్ విషయమూ చాలావరకు ఇంతే. చేతి వాయింపు, యంత్రపు విభజన ఒకచోట కలిసినప్పుడే వాటి మధ్య ఎడం కనిపిస్తుంది.

ఆ కలయికకు ముఖ్యమైన వేదిక 1980లో వచ్చిన ఎల్.ఎం.-1 డ్రమ్ కంప్యూటర్. అమెరికన్ గిటార్ వాద్యకారుడు, రూపకర్త అయిన రోజర్ లిన్ దీనిని తయారుచేశాడు. నిజమైన డ్రమ్ముల ధ్వనులను డిజిటల్ రూపంలో వాడిన తొలి డ్రమ్ మెషిన్ ఇది. దీనిలోని మీటలను వాద్యంలా వాయిస్తే యంత్రం ఆ వాయింపును గుర్తుంచుకొనేది. గుర్తుంచుకొనేటప్పుడే కాలాన్ని సవరించేది. తొలి దశలో తన ప్రోగ్రామ్ దెబ్బలను బీట్‌లోని నాలుగో వంతు గడులలోనే నిలువ చేసేదనీ, దానివల్ల తన వాయింపులోని తప్పులు వాటంతట అవే సర్దుకున్నాయనీ లిన్ అనంతర కాలపు సంభాషణలలో వివరించాడు. అంటే నిలువ చేసే పద్ధతిలోని పరిమితి ఒక సౌకర్యంగా పరిణమించింది. ఆ సౌకర్యానికి పెట్టిన పేరు ‘కాలాన్ని సరిచేయడం’. పరిమితి సవరణగా పేరు మార్చుకోవడం ఈ చరిత్రలో కీలకమైన మలుపు.

లిన్ యంత్రంలో సవరణతో పాటే దానికి విరుగుడు కూడా వచ్చింది. అదే స్వింగ్. జంటగా వచ్చే రెండు చిన్న స్వరాలలో రెండోదాన్ని కొద్దిగా ఆలస్యం చేయడం దీని సూత్రం. జంట కాలంలో మొదటి స్వరానికి దక్కే వాటాను శాతంగా చెబుతారు. 50 శాతమైతే రెండూ సమానం. 120 బీట్ల వేగంలో జంట నిడివి 250 మిల్లీసెకన్లు కనుక, 58 శాతం స్వింగ్ వద్ద రెండో స్వరం 125కు బదులు 145వ మిల్లీసెకను వద్ద పడుతుంది. 66 శాతం దగ్గర జంట దాదాపు త్రిశ్రంలోని రెండు, ఒకటి అనే పాళ్లకు వస్తుంది. జాజ్ వంటి సంప్రదాయాల వాద్యకారులు నడకలో చూపే వంపును యంత్రం ఇలా ఒక అంకెగా స్వీకరించింది. సమవిభజన ఒక్కటే సంగీతానికి చాలదని కాలసవరణను అందించిన యంత్రమే తొలినాటనే ఒప్పుకున్నట్లయింది.

1988లో లిన్ రూపకల్పనతో అకాయ్ సంస్థ విడుదల చేసిన ఎం.పి.సి.60 ఈ రెండు సాధనాలనూ విస్తృత ప్రచారంలోకి తెచ్చింది. హిప్‌హాప్ సంగీతానికి ఇది ముఖ్య వాద్యాలలో ఒకటైంది.

5. టిక్‌లు, తెరలు

వేర్వేరు సంస్థల వాద్యాలు ఒకదానితో ఒకటి సంభాషించడానికి ఏర్పడిన మిడి ప్రమాణాన్ని 1983లో ప్రకటించారు. ఆ ప్రమాణంలోని కాల సంకేతం బీట్‌కు 24 స్పందనలు పంపుతుంది. 120 బీట్ల వేగంలో ఒక్కొక్క స్పందన మధ్య సుమారు 20.8 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది. సీక్వెన్సర్లు తమ లోపల ఇంతకన్నా సూక్ష్మమైన విభజనను వాడతాయి. బీట్‌కు 96 టిక్‌లున్న ఎం.పి.సి.60లో ఒక టిక్ సుమారు 5.2 మిల్లీసెకన్లు. బీట్‌కు 960 టిక్‌లున్న సాఫ్ట్‌వేర్‌లో అది సుమారు 0.52 మిల్లీసెకన్లు. విభజన సూక్ష్మమయ్యేకొద్దీ వాద్యకారుడు వాయించిన తీరు మరింత నమ్మకంగా నమోదవుతుంది. ‘సవరణ వద్దు’ అని ఎంచుకున్నా, టిక్‌ల స్థాయిలో ఒక సవరణ ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. ఆ స్థాయిలో దానిని చెవి పట్టదు.

1985లో వచ్చిన అటారి ఎస్.టి. కంప్యూటర్‌లో మిడి ద్వారాలు అంతర్భాగంగా ఉండడంతో అది సంగీతకారుల బల్లలపైకి చేరింది. జర్మనీలోని హాంబుర్గ్‌లో ఏర్పడిన స్టైన్‌బెర్గ్ సంస్థ 1989లో ఆ కంప్యూటర్ కోసమే క్యూబేస్‌ను విడుదల చేసింది. ఎడమ నుండి కుడికి కాలం, పై నుండి కిందికి వాద్యాల వరుసలు చూపే దాని తెర తరువాతి సాఫ్ట్‌వేర్లకు నమూనా అయింది. డ్రమ్ మెషిన్‌లో వాయింపు చెవికి మాత్రమే తెలిసేది. తెర వచ్చాక గీతకూ స్వరానికీ నడుమ ఎడం కంటికి కనిపించసాగింది. చెవికి ఇబ్బంది కలిగించని స్వరం కూడా కంటికి వంకరగా తోచే అవకాశం ఏర్పడింది.

ఈ కాలంలోనే సవరణ తీవ్రతను తగ్గించే పద్ధతులు వచ్చాయి. స్వరాన్ని గీత మీదికి పూర్తిగా కాక, దూరంలో కొంత శాతం మాత్రమే జరపడం వాటిలో ఒకటి. 24 మిల్లీసెకన్ల ఆలస్యానికి 50 శాతం సవరణ చేస్తే 12 మిల్లీసెకన్ల ఆలస్యం మిగులుతుంది. వాద్యకారుడి తీరు ఉంటుంది, మోతాదు తగ్గుతుంది. మరొక పద్ధతిలో ఒక వాయింపు నుండి కాలభేదాలను గ్రహించి, వాటినే మరొక వాద్యానికి ప్రమాణంగా వాడతారు. ఇక్కడ గీతలు గీసేది గడియారం కాదు, మరొక మనిషి చేయి. అసలు వాయింపును చెరపకుండా, వినిపించేటప్పుడు మాత్రమే సవరించే పద్ధతి ఇంకొకటి. తొలి యంత్రాలలో నమోదు సమయంలోనే సవరణ జరగడం వల్ల అసలు వాయింపు తిరిగి దక్కేది కాదు. సవరణను రద్దుచేసే వీలు కలగడం సాంకేతికంగా చిన్న మార్పే. దాని వల్ల దోష నిర్ణయాన్ని వాయిదా వేసే స్వేచ్ఛ సంగీతకారుడికి వచ్చింది.

2000 ప్రాంతంలో ఈ శక్తి ముద్రిత ధ్వనికి కూడా విస్తరించింది. ప్రో టూల్స్‌లోని బీట్ డిటెక్టివ్ సాధనం డ్రమ్ముల ముద్రణలో దెబ్బలు పడినచోట్లను గుర్తించి, ధ్వనిని ముక్కలు చేసి, గీతల మీదికి జరిపి, మధ్య ఖాళీలను పూరిస్తుంది. 2001లో వచ్చిన ఏబుల్టన్ లైవ్ ధ్వనిని సాగదీసి లేదా కుదించి వేగానికి అమర్చింది. కీబోర్డు స్వరాలకే పరిమితమైన సవరణ దీనితో చర్మవాద్యాలకూ, గాత్రానికీ వర్తించసాగింది.

6. తొలగడంలోని అర్థం

సీషోర్ చూపిన దారిలో పరిశోధనలు కొనసాగాయి. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఇంగ్మార్ బెంగ్ట్‌సన్, ఆల్ఫ్ గాబ్రియెల్‌సన్ వియన్నా వాల్ట్‌జ్ నడకను కొలిచారు. మూడు బీట్ల ఈ నడకలో రెండో బీట్ సమవిభజన చెప్పే చోటు కంటే ముందే పడుతుంది. దీనిని గీత మీదికి జరిపితే అది సరిదిద్దిన వియన్నా వాల్ట్‌జ్ కాదు. వియన్నా వాల్ట్‌జే కాకుండా పోతుంది. 1987లో చార్లెస్ కీల్ మరో అడుగు ముందుకు వేసి, వాద్యకారుల మధ్య ఉండే చిన్న పొంతన లేనితనమే శ్రోతను సంగీతంలోకి లాగుతుందని వాదించాడు.

అయితే సమవిభజన నిర్జీవమనీ, తొలగడమే జీవమనీ తీర్మానించడానికి ఆధారాలు ఒప్పుకోవు. 2011లో హోల్గర్ హెన్నిగ్ బృందం ప్రచురించిన పరిశోధనలో, మనిషి వాయింపులోని భేదాలు యాదృచ్ఛికం కావనీ, ఒక స్వరపు భేదం చాలా దూరంలోని స్వరాల భేదంతో సంబంధం కలిగి ఉంటుందనీ తేలింది. యాదృచ్ఛిక భేదాలు కలిపిన రూపం కంటే ఈ సంబంధాన్ని పాటించిన రూపాన్నే శ్రోతలు ఇష్టపడ్డారు. సాఫ్ట్‌వేర్లలో ‘మానవీకరణ’ పేరిట స్వరాలను యాదృచ్ఛికంగా చెదరగొట్టే సాధనాలకు ఇది గట్టి విమర్శ. మరోవైపు, 2013లో యాన్ ఫ్రూహాఫ్, రైన్‌హార్డ్ కోపీజ్, ఫ్రీడ్రిష్ ప్లాట్స్ రాక్ డ్రమ్ నడకలపై చేసిన ప్రయోగంలో శ్రోతలు ఖచ్చితంగా గీతల మీద ఉన్న రూపానికే ఉన్నత స్థానమిచ్చారు. ఈ ఫలితాలు పరస్పర విరుద్ధాలు కావు. ఒక సంప్రదాయంలో గీత మీద నిలవడమే సొగసు. మరొక దానిలో గీత పక్కన నిలవడం సొగసు. ప్రమాణం సంప్రదాయానిది.

డెట్రాయిట్ సంగీతకారుడు జె. డిల్లా (1974–2006) కృషి ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. ఆయన క్వాంటైజేషన్‌ను ఆపివేసి వాయించాడన్నది ప్రచారంలో ఉన్న మాట. 2022లో వెలువడిన తన గ్రంథంలో డాన్ చార్నాస్ ఈ సరళీకరణను తిరస్కరించాడు. డిల్లా సవరించిన స్వరాలనూ సవరించనివాటినీ, సమంగా నడిచేవాటినీ స్వింగ్‌తో నడిచేవాటినీ ఒకే నడకలో ఎదురెదురుగా నిలిపి, కొన్నింటిని కావాలనే పక్కకు జరిపాడని వివరించాడు. యంత్రాన్ని కాదనడం కాక, యంత్రపు సవరణనే వాద్యంగా చేసుకోవడం ఆయన ప్రత్యేకత. ఆయన వాడిన ఎం.పి.సి.3000 నేడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియం సేకరణలో ఉంది. ఆయన నడకలను క్వెస్ట్‌లవ్ వంటి డ్రమ్ వాద్యకారులు చేతితో వాయించడానికి సాధన చేశారు. మనిషిని అనుకరించబోయిన యంత్రాన్ని మనిషి అనుకరించడం ఈ చరిత్రలో ఒక వృత్తం పూర్తి కావడమే.

7. ఖండగతి చెప్పే పాఠం

పై చర్చలోని భేదాలన్నీ గీత చుట్టూ ఉండే సూక్ష్మ భేదాలు. గీతల అమరికే సంగీతానికి సరిపోకపోతే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. ఇది కర్ణాటక లయకు నేరుగా సంబంధించినది. త్రిశ్ర, చతురశ్ర, ఖండ, మిశ్ర, సంకీర్ణ గతులలో ఒక అక్షరకాలం వరుసగా 3, 4, 5, 7, 9 భాగాలవుతుంది. సాఫ్ట్‌వేర్లు సాధారణంగా మొదట చూపేది రెండు, నాలుగు భాగాల విభజన, ఆపై త్రిశ్రం. అయిదు, ఏడు భాగాలను వాడుకరి స్వయంగా ఏర్పరచుకోవలసి రావచ్చు.

ఒక మృదంగ విద్వాంసుడు ఎలక్ట్రానిక్ పలకపై, నిమిషానికి 120 బీట్ల వేగంలో, ఒక బీట్‌లో ‘తకతకిట’ను తప్పులేకుండా వాయించాడనుకుందాం. అయిదు దెబ్బలు 0, 100, 200, 300, 400 మిల్లీసెకన్ల వద్ద పడతాయి. యంత్రంలో చతురశ్ర విభజన ఉంటే గీతలు 0, 125, 250, 375 వద్ద ఉంటాయి. సవరణ ఆదేశమిస్తే రెండో దెబ్బ 125కు, మూడోది 250కి, నాలుగోది కూడా 250కే, అయిదోది 375కు చేరుతాయి. అయిదు దెబ్బలు నాలుగు చోట్లలో ఇరుక్కుంటాయి. మూడు, నాలుగు దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఖండం చతురశ్రమైపోతుంది. వాయింపులో దోషం లేదు, యంత్రపు గణితంలోనూ దోషం లేదు. దోషమంతా ముందుగా ఎంచి ఉంచిన విభజనలో ఉంది. ఈ ఫలితాన్ని మాత్రమే విన్నవారికి విద్వాంసుడే తడబడ్డాడనిపిస్తుంది.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. మన లక్షణగ్రంథాలలోని సమ, అతీత, అనాగత గ్రహాలు తాళారంభానికీ పాట ఎత్తుగడకూ మధ్య సంబంధాన్ని చెబుతాయి. దేశాది తాళంలోని కృతుల ఎత్తుగడ సమం మీద కాక, కొంత విడిచి వస్తుంది. ఇది గాయకుడి ఆలస్యం కాదు, రచనలో భాగం. కనుక వీటిని మిల్లీసెకన్ల భేదాలతో కలిపి చూడడం సరికాదు. అయినా ఒక పోలిక నిలుస్తుంది. ఎత్తుగడ ఎక్కడ ఉండాలో రచన చెబుతుంది. దానిని తెలిసినవాడే అది సరిగా పడిందో లేదో చెప్పగలడు. ప్రమాణం తెలియకుండా దోషనిర్ణయం కుదరదు.

8. ముగింపు

కాలసవరణ చరిత్ర నుండి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, వాయింపును నిలువ చేసే పద్ధతిలోని పరిమితి సవరణగా పేరు పొందింది. రెండోది, స్వింగ్, పాక్షిక సవరణ, మరొకరి వాయింపును ప్రమాణంగా గ్రహించడం, రద్దుచేయగల సవరణ అనే సాధనాలన్నీ సమవిభజన చాలదన్న గుర్తింపు నుండి పుట్టాయి. మూడోది, సమవిభజన మీద నిలవడం గానీ, దాని నుండి తొలగడం గానీ స్వతహాగా గుణమూ కాదు, దోషమూ కాదు. సంప్రదాయమే వాటికి విలువనిస్తుంది.

ఈ పరిశీలనకు ఆచరణలో ప్రయోజనం ఉంది. కర్ణాటక లయను, జానపద వాద్యాల నడకలను నేడు ఈ సాఫ్ట్‌వేర్లలోనే నమోదు చేస్తున్నారు. సవరించిన రూపం ఒక్కటే మిగిలితే, రేపటి పరిశోధకుడికి దొరికేది వాద్యకారుడి నడక కాదు, యంత్రంలో ఆ రోజు ఎంచి ఉన్న విభజన. కనుక అసలు వాయింపును చెరపకుండా భద్రపరచడం, వాడిన విభజనను దానితో పాటు నమోదు చేయడం కనీస నియమం కావాలి. గీత ఎక్కడ గీయాలో ముందు వాద్యకారుడిని అడిగిన తరువాతనే ఆయన స్వరం గీత మీద ఉందో లేదో చూడడం న్యాయం.